సిమెంటు పూస్తె గోడ బాగుపడ్తదా?

మౌలాలి గుట్ట కింద మాది తాత కట్టిచ్చిన పాత ఇల్లు. రాయి, మట్టి, పైన సున్నం. నాలుగేండ్ల కింద గోడ అడుగుభాగం సెమ్మ పట్టి రాలుతుంటె, నేనే ముందల వడి సిమెంటు గిలాబు జేయించిన. అద్దం లెక్క నున్నగ వచ్చింది. రెండు వానకాలాలు గడిచినయో లేదో, పొక్కి పలకలు పలకలుగ ఊడింది. ఎనక జూస్తె మట్టి ముద్ద లెక్క నానివున్నది.

తప్పు మేస్త్రిది గాదు, సిమెంటుది గాదు. ఏది యాడ వెట్టాల్నో తెల్వని నాది. పాత గోడ నేలల కెల్లి తడి గుంజుతది. సున్నం పూత ఆ తడిని మెల్లగ బయటికి ఇడుస్తది. సిమెంటు అంత సులువుగ ఇడువది, లోపల్నే ఆపుతది. 1591ల కట్టిన చార్మినారు సున్నం మీదనే నిలవడ్డది. 2019 మే నెలల మీనారు పూత ఊడిపడితె, పురావస్తు శాఖోళ్లు సున్నంతోనే బాగుజేసిండ్రు. మనమేమో ఊర్ల అమ్మమ్మ మట్టిల్లుకు గూడ సిమెంటే పూస్తం.

స్లాబు ముచ్చట ఇంకో తీరు. పెచ్చులూడి సలాకలు తేలితె, కింద ఇంత సిమెంటు మెత్తి రంగేసి పోతరు. ఇనుము తుప్పు వడితె ఉబ్బుతది తమ్మీ. మెత్తిందాన్ని మల్ల తోసేస్తది, అది పడేది నెత్తి మీదనే. ముందుగాల పైన నీళ్లు యాడికెల్లి దిగుతున్నయో పట్టాలె. వదులైన కాంక్రీటును సలాక ఎనక దాకా కొట్టాలె, తుప్పును తీగ బ్రష్షుతోని గీకాలె, అటెన్క మెత్తాలె. సలాక బాగ సన్నవడితె ఇంజనీరుకు చూపియ్యురి. అది మేస్త్రి అందాజతోని తేలే పని గాదు.

బస్త కొనేటప్పుడు మీద అచ్చేసిన వారం, సంవత్సరం చూడురి. మూడు నెలలు దాటితె బలం తగ్గుతది. గిలాబుకు 53 గ్రేడే గావాలని దుకాణపాయన అంటడు గని, పీపీసీ సరిపోతది. గోడకు ఒకపాలు సిమెంటుకు ఆరుపాళ్ల ఉసికె, స్లాబు కిందికి నాలుగు. పొద్దుగాల కలిపిన మాలు గట్టివడితె, బువ్వ తిన్నంక నీళ్లు పోసి మల్ల కలుపుతరు. గట్ల కలిపింది పట్టది, పారవోయాల్సిందే. వారం రోజులు తక్కువ గాకుంట తడపాలె. ఎండకాలం మా దిక్కు ట్యాంకరు కొనాలె గాబట్టి మూడో రోజే పైపు చుట్టి పక్కన వెడ్తరు. పగుళ్లు గట్లనే వస్తయి.

తడి సిమెంటు చేతుల తోలు తింటది. తసల ఎత్తే అక్కకు రబ్బరు గ్లౌజులు కొనియ్యురి, పని అయినంక కడుక్కునేటందుకు నీళ్లుంచురి. బస్తల లెక్కల గీ ఖర్చు ఎంత?

మా గోడకు ఈసారి సున్నమే పూయిస్తున్న. ఆ పని తెలిసిన మేస్త్రిని ఎతుకుడే నెల వట్టింది. దొరికిన పెద్దాయన వచ్చి, గోడ తట్టి చూసి, కరక్కాయ, బెల్లం తెమ్మన్నడు. సున్నం ఇప్పుడు తొట్టిల నానుతున్నది.