యువ క్రీడాకారుల ఎంపిక: పద్ధతులు, ధర్మాలు

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన పెద్దలు అన్నారు. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని కూడా వారే అన్నారు. పూదోటకు, వంటింటికి ఈ మాటలు చక్కగా వర్తిస్తాయి. కాని పద్దెనిమిదేళ్ల యువకుని ఆటను చూచి, ఇతడు రేపు గొప్ప క్రీడాకారుడు కాగలడా, కాలేడా అని తేల్చవలసి వచ్చినప్పుడు ఈ సామెతలు ఎంతవరకు నమ్మదగినవి? నేడు ప్రపంచంలోని పెద్ద క్రీడాసంఘాలన్నీ ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి కోట్లాది రూపాయలు వెచ్చిస్తున్నాయి. ఏటేటా జట్లను ఎన్నుకునే మన కళాశాలలకు కూడా ఈ ప్రశ్న దూరమైనది కాదు. కావున ఈ విషయమై కొన్ని వివరాలను విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాము.

మన ఊరి ఉదాహరణ

దూరదేశాలకు పోకముందు మన గాజువాకనే చూద్దాం. 2003లో విశాఖపట్నంలో జన్మించిన నితీశ్ కుమార్ రెడ్డి ఈ ప్రాంతపు యువకుడే. ఆతని తండ్రి హిందూస్తాన్ జింక్ సంస్థలో ఉద్యోగి. రాజస్థాన్‌లోని ఉదయపూర్‌కు బదిలీ అయినప్పుడు, కుమారుని ఆట చెడిపోతుందన్న భయంతో ఆయన ఉద్యోగాన్నే వదులుకొన్నారు. 2017–18లో జరిగిన పదహారేళ్లలోపు బాలుర విజయ్ మర్చంట్ ట్రోఫీ పోటీలలో నితీశ్ 1,237 పరుగులు చేశాడు. నాగాలాండ్‌పై ఆడిన ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441 పరుగులు సాధించాడు.

ఇంతటి బాలునికి ఐదేళ్ల తరువాత వేలంలో పలికిన ధర ఎంత? 2022 డిసెంబరు 23న కొచ్చిలో జరిగిన ఐ.పి.ఎల్. వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు ఆతనిని కనీస ధర అయిన 20 లక్షలకే తీసుకొన్నది. 2023లో ఆతనికి లభించినవి రెండు ఆటలు మాత్రమే. 2024లో 303 పరుగులు చేసి, ఆ పోటీలలో ఉత్తమ వర్ధమాన క్రీడాకారుడనిపించుకొన్నాడు. వెంటనే అదే జట్టు ఆతనిని 6 కోట్లకు నిలుపుకొన్నది. ఆ ఏడాది డిసెంబరులో మెల్బోర్న్ మైదానంలో ఆస్ట్రేలియాపై జరిగిన టెస్టు ఆటలో 114 పరుగులు సాధించాడు.

ఆ కొచ్చి వేలంలోనే గుంటూరుకు చెందిన షేక్ రషీద్‌ను చెన్నై జట్టు అదే 20 లక్షలకు తీసుకొన్నది. రషీద్ 2022లో ప్రపంచకప్ గెలిచిన పందొమ్మిదేళ్లలోపు భారత జట్టుకు ఉపనాయకుడు. సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియాపై 94 పరుగులు చేసినవాడు. అయినను ఐ.పి.ఎల్.లో తొలి ఆట ఆడడానికి ఆతడు 2025 ఏప్రిల్ వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఇద్దరూ ఆంధ్ర యువకులే. ధర ఒక్కటే, వేలం ఒక్కటే. అవకాశం మాత్రం ఒకే సమయంలో రాలేదు. ఎంపిక అనేది ప్రతిభ ఒక్కదానితో ముగిసే వ్యవహారం కాదని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

ఆస్ట్రేలియా వారి డ్రాఫ్ట్ పద్ధతి

నితీశ్ శతకం చేసిన ఆ మెల్బోర్న్ మైదానంలోనే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ తుదిపోటీ జరగడం సంప్రదాయం. ఆ ఫుట్‌బాల్ మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతితో, క్రికెట్ మైదానమంత విశాలమైన స్థలంలో, పక్షానికి పద్దెనిమిది మంది చొప్పున ఆడే ఆట. నడుమ ఉన్న రెండు పొడవైన స్తంభాల మధ్యకు బంతిని తన్నితే ఆరు పాయింట్లు, ప్రక్క స్తంభం మధ్యకు పోతే ఒక పాయింటు.

ఆ లీగులో యువకులను వేలం వేయరు. 1986 నుండి అక్కడ డ్రాఫ్ట్ అనే పద్ధతి అమలులో ఉన్నది. దాని సూత్రం సులభమైనది. గత పోటీలలో చివరి స్థానంలో నిలిచిన జట్టు మొదట ఎన్నుకొంటుంది. విజేత చివర ఎన్నుకొంటుంది. బలహీనునికి మొదటి వరుస ఇస్తే కొన్నేళ్లకు అన్ని జట్లూ సమబలంతో ఉంటాయని దాని ఉద్దేశం. ఎన్నుకొనే వరుసలను జట్లు పరస్పరం మార్చుకోవచ్చును కూడా. ఆ సంవత్సరం డిసెంబరు 31 నాటికి పద్దెనిమిదేళ్లు నిండే యువకులు ఇందుకు అర్హులు. ఎంపికకు ముందు పరుగు వేగం, ఎగురగల ఎత్తు, దీర్ఘదూరపు పరుగు మొదలైన పరీక్షలు జరుపుతారు.

ఈ పద్ధతిలోనూ ఒక లోపం ఉన్నది. చివరి స్థానానికి బహుమానం ఉన్నప్పుడు, ఓడిపోవడమే లాభమన్న దురాశ పుట్టవచ్చు. అందువలన అమెరికా బాస్కెట్‌బాల్ వారు 1985 నుండి వెనుకబడిన జట్ల మధ్య చీటీ తీసి వరుసను నిర్ణయించడం ఆరంభించారు.

మన వేలం పద్ధతి వేరు. ఇక్కడ సమానత్వం వరుసలో కాక సంచిలో ఉన్నది. వేలంలో పాల్గొనే ప్రతి జట్టుకు మొత్తం ఖర్చుపై ఒకే పరిమితి ఉంటుంది. 2025 పోటీలకు అది 120 కోట్లు. ఒక్కరికే పెద్ద మొత్తం పోస్తే మిగిలినవారికి చేయి బిగించవలసి వస్తుంది. డ్రాఫ్ట్‌లో యువకునికి తన వరుస సంఖ్య మాత్రమే తెలుస్తుంది. వేలంలో ఆతని వెల లోకమంతటికీ తెలుస్తుంది. రెండవది పేద కుటుంబాన్ని ఒక్కనాట గట్టెక్కించగలదు. హైదరాబాదులో ఆటో నడిపే తండ్రికి జన్మించిన మహమ్మద్ సిరాజ్‌ను 2017 వేలంలో సన్‌రైజర్స్ జట్టు 2 కోట్ల 60 లక్షలకు తీసుకొన్నది. కనీస ధర 20 లక్షలే. కాని ఎవరూ చేయి ఎత్తని యువకునికి అదే వేలం బహిరంగమైన చిన్నతనం కూడా అవుతుంది.

మేటివానినా, అవసరమైనవానినా?

ఎన్నుకొనేవారి మధ్య ఏనాటినుండో నడుస్తున్న వాదం ఒకటి ఉన్నది. ఉన్నవారిలో మేటి ఎవరో చూచి తీసుకోవాలా, లేక జట్టులో ఏ స్థానం ఖాళీగా ఉన్నదో చూచి తీసుకోవాలా?

మన దేశంలోనూ ఒకసారి డ్రాఫ్ట్ జరిగిన సంగతి చాలమందికి గుర్తుండదు. 2008లో ఐ.పి.ఎల్. ఆరంభమైనప్పుడు పందొమ్మిదేళ్లలోపు ప్రపంచకప్ గెలిచిన యువకులను వేలం ద్వారా కాక వరుస ప్రకారం జట్లకు పంచారు. ఢిల్లీ జట్టు తన ఊరివాడైన విరాట్ కోహ్లీని తీసుకొనే అవకాశం ఉండి కూడా ఎడమచేతి వేగపు బౌలర్ ప్రదీప్ సాంగ్వాన్‌ను ఎన్నుకొన్నది. సెహ్వాగ్, గంభీర్ వంటి బ్యాట్స్‌మెన్ ఉన్న జట్టుకు బౌలరే అవసరమని వారి ఆలోచన. కోహ్లీ బెంగుళూరుకు పోయాడు. ఆనాటినుండి అదే జట్టుకు ఆడుతూ 2025లో ఆ జట్టు తొలి విజయంలో పాలుపంచుకొన్నాడు. ఆనాటి ఢిల్లీవారి తర్కం తప్పని అనలేము. కాని జట్టు అవసరం ఏడాదికేడాది మారుతుంది, మేటి ప్రతిభ పదిహేనేళ్లు నిలుస్తుంది అన్న పాఠం మాత్రం అందులో ఉన్నది.

ఆస్ట్రేలియాలో 2001 నాటి డ్రాఫ్ట్‌ను నేటికీ చెప్పుకొంటారు. మొదటి మూడు స్థానాలలో వరుసగా ల్యూక్ హాడ్జ్‌ను హాథార్న్, ల్యూక్ బాల్‌ను సెయింట్ కిల్డా, క్రిస్ జడ్‌ను వెస్ట్ కోస్ట్ జట్లు తీసుకొన్నాయి. జడ్ వేగం అసాధారణం. కాని ఆతని భుజాలకు అప్పటికే గాయాలు ఉండడం వలన కొందరు సందేహించారు. తరువాత జడ్ 2004లోను, 2010లోను ఉత్తమ క్రీడాకారునికిచ్చే బ్రౌన్లో పతకం పొందాడు. 2006లో నాయకుడై తన జట్టుకు విజయం తెచ్చాడు. అయితే హాథార్న్ మోసపోయిందా? లేదు. హాడ్జ్ 2008లోను, 2013 నుండి వరుసగా మూడేళ్లును విజేత జట్టులో నిలిచాడు. ఆ మూడేళ్లూ నాయకుడు ఆతడే. బాల్ కూడా 2010లో కాలింగ్‌వుడ్ జట్టు విజయంలో భాగస్వామి అయ్యాడు. ఎవరిని తీసుకోవలసింది అన్న వాదం తెగలేదు. ముగ్గురూ మంచివారైనప్పుడు అది తెగదు కూడా.

ఇందులో మరొక విశేషం ఉన్నది. అదే డ్రాఫ్ట్‌లో హాథార్న్ వారు 36వ స్థానంలో సామ్ మిచెల్ అనే యువకుని తీసుకొన్నారు. ఆతడు 2008లో ఆ జట్టు నాయకుడై విజయం సాధించాడు. అంతకుముందు 1990లో ఎసెండన్ జట్టు 79వ స్థానంలో తీసుకొన్న జేమ్స్ హర్డ్ 1996లో బ్రౌన్లో పతకాన్ని మరొకరితో పంచుకొన్నాడు. పువ్వు పుట్టగానే పరిమళిస్తే 78 మంది తరువాత ఆతని పేరు ఎందుకు పిలువబడింది? కొన్ని పువ్వులు ఉదయం వికసిస్తాయి, కొన్ని సాయంకాలం వికసిస్తాయి. పదమూడేళ్లకే వేలంలో కోటి పది లక్షలు పలికి, పద్నాలుగేళ్లకు 2025లో 35 బంతులలో శతకం చేసిన వైభవ్ సూర్యవంశీ మొదటి తరగతికి చెందినవాడు. కాని ఆతనిని కొలబద్దగా తీసుకొని మిగిలిన బాలురను కొలవడం న్యాయం కాదు.

చూపు ఎక్కడ మోసపోతుంది?

ఎంపికలో జరిగే పొరపాట్లు ఎక్కువగా పక్షపాతం వలన కాక, చూపులోని లోపం వలన జరుగుతాయి.

మొదటిది వయస్సు. ఒకే ఏడాది పుట్టినవారందరినీ ఒకే తరగతిగా లెక్కిస్తాము. కాని జనవరిలో పుట్టిన బాలునికి, డిసెంబరులో పుట్టిన బాలునికి దాదాపు ఏడాది తేడా ఉన్నది. పన్నెండేళ్ల ప్రాయంలో ఆ తేడా ఎత్తులోను, బలంలోను స్పష్టంగా కనబడుతుంది. కెనడా దేశపు మంచు హాకీ జట్లలో సంవత్సరం మొదటి నెలలలో పుట్టినవారే అధికంగా ఉన్నారని 1980ల నడుమ మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించారు. పెద్దవాడు ముందు ఎన్నికౌతాడు, ఎన్నికైనవానికి మంచి శిక్షణ లభిస్తుంది, శిక్షణ వలన నిజంగానే మెరుగౌతాడు. చిన్నవాడు ఆటనే వదలిపెడతాడు. ఇక తప్పుడు వయస్సు చూపేవారి సంగతి వేరు. అందుకే మన క్రికెట్ బోర్డు బాలుర పోటీలలో ఎముకల పరీక్ష జరిపిస్తున్నది.

రెండవది ఒక్కనాటి చూపు. ఒక్క మెతుకుతో కుండను తేల్చవచ్చును గాని ఒక్క ఉదయంతో యువకుని తేల్చలేము. జ్వరంతో వచ్చినవాడు, ఎరువు తెచ్చుకొన్న బూట్లతో వచ్చినవాడు, రెండు బస్సులు మారి వచ్చినవాడు ఆనాడు తన ఆట చూపలేకపోవచ్చు.

మూడవది కొలవగల దానినే చూడడం. వేగాన్ని గడియారం కొలుస్తుంది. ఓర్పును, సహచరునికి బంతి అందించే బుద్ధిని, ఓటమి తరువాత మరునాడు మైదానానికి వచ్చే పట్టుదలను ఏ గడియారమూ కొలవదు. బ్రౌన్లో పతకానికి ఒక నియమం ఉన్నది. ఆ ఏడాది దుష్ప్రవర్తనకు నిషేధం పొందినవాడు ఎంత గొప్పగా ఆడినా దానికి అర్హుడు కాడు.

ఈ విషయంలో మనకు మార్గదర్శి హైదరాబాదులోనే ఉండేవారు. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి శిక్షణలో హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన తీర్చిన భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, నాల్గవ స్థానం పొందింది. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను ఆయన యువకులకు ఏర్పాటు చేసేవారు. ఉన్న బలాన్ని చూచి మెచ్చుకోవడంతో ఆగక, లేని బలాన్ని కల్పించడం ఆయన పద్ధతి. 1962 ఆసియా క్రీడల ఫైనల్‌లో తల గాయంతో ఉన్న రక్షక ఆటగాడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించగా, ఆయన గోల్ చేశారు. భారతదేశం స్వర్ణం గెలిచింది. ఎవరు మంచివారన్న ప్రశ్నతోపాటు, ఎవరిని ఎక్కడ నిలపాలన్న ప్రశ్న కూడా ఎంపికలో భాగమే.

ఎన్నిక కానివారి మాట

పేరు పిలువబడిన వారి కథలు పత్రికలలో వస్తాయి. పిలువబడని వారు వారికి ఎన్నో రెట్లు. వారిలో ఎందరి తండ్రులో తమ కూలిలో మిగిల్చి బ్యాటు కొని ఉంటారు. కావున ఎంపిక ధర్మబద్ధంగా ఉండడం ఆటకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఓడినవానికి కూడా తనకు న్యాయం జరిగిందన్న నమ్మకం కలగాలి. ఆ నమ్మకం పోయినచోట మరుసటి ఏడాది మైదానానికి వచ్చే బాలురు తగ్గిపోతారు.

బాలికల విషయం ఇంకను ముఖ్యమైనది. విశాఖపట్నానికి చెందిన షబ్నమ్ షకీల్ 2023 జనవరిలో పందొమ్మిదేళ్లలోపు మహిళల ప్రపంచకప్ గెలిచిన జట్టులో సభ్యురాలు. మరుసటి నెలలో పదిహేనేళ్ల ప్రాయంలో గుజరాత్ జట్టు ఆమెను 10 లక్షలకు తీసుకొన్నది. మైదానం చూపించేవారు ఉంటే మన బాలికలు ఏ స్థాయికైనా పోగలరని ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. మొదట వారిని మైదానానికి పిలవాలి. ఎంపిక ఆ తరువాతి మాట.

కళాశాల కమిటీ పెద్దలకు మేము సవినయంగా మనవి చేసేది ఇంతే. జట్టును ఒక్కరోజులో కాక కనీసం మూడు వేర్వేరు రోజులలో చూచి ఎన్నుకోవడం, ఏ గుణాలను చూస్తారో ముందే వ్రాసి నోటీసు బోర్డుపై ఉంచడం, ఎన్నుకొనేవారు తమ బంధువుల వంతు వచ్చినప్పుడు ప్రక్కకు తప్పుకోవడం, ఎన్నిక కానివారికి కారణం చెప్పి మరుసటి ఏడాదికి దారి చూపడం—ఈ నాలుగింటికీ ధనం అక్కరలేదు, శ్రద్ధ చాలును.

విద్యార్థి మిత్రులారా, కొచ్చిలో 20 లక్షలు పలికిన ఇద్దరు యువకులనూ గుర్తుంచుకొందాం. ఒకనికి పిలుపు త్వరగా వచ్చింది, రెండవవానికి ఆలస్యంగా వచ్చింది. ఆలస్యంగా వచ్చిన పిలుపు నాటికి కూడా ఆతడు సాధన విడువక సిద్ధంగానే ఉన్నాడు. ఎన్నుకొనేవారి తీర్పు మన చేతిలో లేదు. సాధనను, చదువును రెంటినీ విడువకుండుట మాత్రం మన చేతిలోనే ఉన్నది.