పూర్వీకులది భైంసానా? ఆదిలాబాద్‌లో దొరకని రికార్డు కోసం ఎక్కడ, ఎలా వెతకాలి?

తాత ముత్తాతల వివరాల కోసం వెతికే అవసరం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. భూమి వాటా కోసమో, కుల ధ్రువీకరణ కోసమో, లేదంటే పిల్లలు అడిగారనో. మీ కుటుంబానిది భైంసా ప్రాంతమైతే, 'ఆదిలాబాద్ జిల్లానే కదా' అని అక్కడే వెతికితే 1956 దగ్గర దారి మూసుకుపోతుంది. రికార్డు పోయిందని అప్పుడే అనుకోవద్దు. అంతకుముందు భైంసా ఆ జిల్లాలోనే లేదు.

భైంసా ఏ జిల్లాలో ఉండేది?

హైదరాబాద్ రాష్ట్రంలో భైంసా, నాందేడ్ జిల్లా ముథోల్ తాలూకా కిందికి వచ్చేది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో ముథోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి ఆదిలాబాద్ జిల్లాలో కలిశాయి. 2016 అక్టోబరు 11 నుంచి నిర్మల్ జిల్లా. ఇల్లు మారకపోయినా తాత, తండ్రి, మనవడి కాగితాల మీద మూడు జిల్లాల పేర్లు ఉండొచ్చు.

ముందు లైబ్రరీకి ఎందుకు వెళ్లాలి?

లైబ్రరీలో మీ తాత పేరు దొరక్కపోవచ్చు. కానీ ఏ ఆఫీసుకెళ్లి ఏం అడగాలో అక్కడ తేలుతుంది. భైంసాలోని శాఖా గ్రంథాలయంలో, నిర్మల్, ఆదిలాబాద్ జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో ఈ మూడింటి గురించి అడగండి.

• జిల్లా గెజిటీర్లు: పాత తాలూకాలు, పాలనా మార్పులు తెలుస్తాయి.

• జనాభా లెక్కల జిల్లా పుస్తకాలు: ఊరు అప్పట్లో ఏ తాలూకాలో ఉందో చూడొచ్చు. 1951 వివరాలకు నాందేడ్, 1961 వివరాలకు ఆదిలాబాద్ పుస్తకం చూడాలి. వీటిలో మనుషుల పేర్లు ఉండవు. 1948 జనగణన చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు బయటపెట్టరు.

• స్థానిక చరిత్రలు, పాత సంచికలు: ఉదాహరణకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో తెచ్చిన 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది తెలంగాణ కవులున్నారు. మీ వంశంలో కవి ఉండేవారని ఇంట్లో చెప్పుకుంటే అందులో చూడండి.

శాఖా గ్రంథాలయాలు చాలావరకు ఉదయం, సాయంత్రం రెండు పూటలుగా తెరుస్తారు. సెలవు ఆదివారమే అనుకోవద్దు. బస్సెక్కే ముందు వేళలు కనుక్కోండి.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

భూమి ఉన్న కుటుంబానికి ముఖ్యమైనది 1954-55 ఖాస్రా పహాణీ. ఏ సర్వే నంబరు ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో అందులో ఉంటుంది. అది తయారైన నాటికి ముథోల్ తాలూకా ఇంకా నాందేడ్ జిల్లాలోనే ఉంది. తహసీల్దార్ కార్యాలయంలో దొరకకపోతే ఆదిలాబాద్, నాందేడ్ కలెక్టరేట్ల రికార్డు గదుల్లోనూ అడగాలి.

మీ ఊరు జాగీరు గ్రామమా, సర్కారీ గ్రామమా కూడా తెలుసుకోండి. 1949లో జాగీర్లు రద్దయ్యే దాకా ఆ గ్రామాల లెక్కలు జాగీర్దార్ల యంత్రాంగం చేతిలో ఉండేవి. నిజాం కాలపు ప్రభుత్వ పత్రాల కోసం హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌ను సంప్రదించవచ్చు.

భూమి లేని కుటుంబాలకు పాఠశాల అడ్మిషన్ రిజిస్టరే పెద్ద ఆధారం. తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం అందులో రాస్తారు. ముస్లిం కుటుంబాలకు ఖాజీల నికా రిజిస్టర్లున్నాయి. పెద్దలు నాసిక్, త్ర్యంబకేశ్వర్ యాత్రలకు వెళ్లి ఉంటే, అక్కడి తీర్థ పురోహితుల నామావళి పుస్తకాల్లో తరతరాల పేర్లు దొరకవచ్చు.

చదవడం ఎలా?

పాత కాగితం ఉర్దూలోనో, మరాఠీలోనో, మరాఠీని వేగంగా రాసే మోడీ లిపిలోనో ఉండొచ్చు. సంవత్సరం ఫసలీలో ఉంటే దానికి 590 కలపండి. 1340 ఫసలీ అంటే 1930-31. ఊరి పేరు 'భైసా' అని కూడా ఉంటుంది, అలా కూడా వెతకండి. ఫోటో తీసే ముందు అనుమతి అడగండి. పేజీతో పాటు రిజిస్టర్ అట్ట, పేజీ నంబరు కూడా తీసుకోండి. అవి లేకపోతే మళ్లీ ఆ కాగితం పట్టుకోవడం కష్టం.

ఇది సాక్ష్యంగా చెల్లుతుందా?

లైబ్రరీలో తీసిన ఫోటో దారి చూపుతుందే గానీ, ఆఫీసులో చెల్లదు. దానికి సంబంధిత కార్యాలయం ఇచ్చే సర్టిఫైడ్ కాపీ కావాలి. దరఖాస్తుకు స్పందన లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

పాత రికార్డు విలువ ఏమిటో పక్కనే ఉన్న మరాఠ్వాడాను చూస్తే తెలుస్తుంది. మరాఠాలకు కుణ్బీ ధ్రువపత్రాలిచ్చే విషయంలో నిజాం కాలపు రికార్డులు పరిశీలించడానికి మహారాష్ట్ర ప్రభుత్వం 2023లో జస్టిస్ సందీప్ శిందే కమిటీని వేసింది. ఆ వెతుకులాట హైదరాబాద్ దాకా వచ్చింది.

బయల్దేరే ముందు ఇంట్లో పెద్దవాళ్లతో ఒక గంట కూర్చోండి. ఇంటిపేరు, పాత ఊరు, తాత అన్నదమ్ముల పేర్లు, ఆడపడుచులను ఇచ్చిన ఊళ్లు రాసుకోండి. రిజిస్టర్ ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాదైనా చూడొచ్చు. వాళ్లను మాత్రం ఇప్పుడే అడగాలి.