ఆ ఆరు గంటలు...

తెల్లవారుజామున ఇంటి పెద్దాయన పోయారు. చాప మీద పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టారు. ఒకరు ఢిల్లీలో ఉన్న కూతురికి ఫోన్ చేస్తున్నారు. మరొకరు ఫ్రీజర్ పెట్టె కోసం పరుగెత్తారు. ఇంతలో మధ్యాహ్నమైంది. బీరువాలో పంచెల కింద ఓ కార్డు ఉంది. ఎప్పుడో కంటి శిబిరానికి వెళ్లినప్పుడు ఆయన సంతకం చేసిన నేత్రదాన పత్రం అది. పెద్దకర్మ అయ్యాక బీరువా సర్దుతుంటే గానీ అది బయటపడలేదు!

ఇలా జరిగిందనుకోండి... తప్పెవరిది? సంతకం ఆయనదే అయినా, ఫోన్ చేయాల్సింది ఇంట్లోవాళ్లు. అదీ ప్రాణం పోయిన ఆరు గంటల్లోగా. నిజానికి కార్డు లేకపోయినా ఫర్వాలేదు. దగ్గరి బంధువులు సరేనంటే నేత్రనిధి వాళ్లు వచ్చి కళ్లు తీసుకుంటారు. కార్డు ఉండి కూడా కుటుంబం కాదంటే మాత్రం వెనక్కి వెళ్లిపోతారు.

కంట్లో పువ్వు

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. అది మసకబారి తెల్లబడితే మన పల్లెల్లో ‘కంట్లో పువ్వు పడింది’ అంటారు. వరి కోతల్లో ఆకు గీసుకుంటుంది. నూర్పిళ్లలో గింజ ఎగిరి కంట్లో పడుతుంది. ఆ చిన్న గాయానికి ఫంగస్ పట్టి పుండవుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఆకు పసరు పోయడం, మందుల షాపులో అడిగి స్టిరాయిడ్ చుక్కలు వేసుకోవడం... దీంతో పుండు ఇంకా ముదురుతుంది. పిల్లల్లో అయితే విటమిన్ ‘ఎ’ లోపం, ఆడుకుంటూ సున్నం ప్యాకెట్ నొక్కితే కంట్లోకి చిమ్మడం లాంటివి ఇందుకు కారణాలు.

సున్నం అంటే గుర్తొచ్చింది. ప్రపంచంలో తొలిసారి విజయవంతంగా కార్నియా మార్చింది సున్నం పడి చూపు పోయిన ఓ కూలీకే! 1905 డిసెంబరు 7న, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని ఓలోమౌట్స్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ జిర్మ్ ఆ ఆపరేషన్ చేశారు. దెబ్బ తగిలి తీసేయాల్సి వచ్చిన ఓ పదకొండేళ్ల బాలుడి కన్ను అందుకు అక్కరకొచ్చింది. కూలీకి రెండు కళ్లకూ అతికించగా ఒకటి నిలిచింది.

మన దేశంలో తొలి నేత్రనిధిని 1945లో మద్రాసులో డాక్టర్ ముత్తయ్య నెలకొల్పారు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిని 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించారు. అక్కడ 1989లో రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి మొదలైంది. 2023 నాటికి ఆ సంస్థలో జరిగిన కార్నియా మార్పిడులు 50 వేలకు చేరాయి. ఆ కార్నియాల్లో ప్రతి ఒక్కటీ ఏదో ఒక ఇంట్లో, ఏడుపుల మధ్య ఎవరో ‘సరే’ అంటేనే వచ్చింది.

ఫ్యాను ఆపండి

ఫోన్ చేశాక చేయాల్సిన పని కొంచెమే. కనురెప్పలు మూసి, పైన తడి దూది పెట్టాలి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి. ఫ్యాను ఆపాలి... గాలికి కార్నియా ఎండిపోతుంది. నేత్రనిధి సిబ్బంది ఇంటికే వస్తారు. శిక్షణ పొందిన టెక్నీషియన్లు కూడా ఈ పని చేసేలా 2011లో చట్టాన్ని సవరించారు. పరీక్షల కోసం కొంచెం రక్తం తీసుకుంటారు. అంతా కలిపి అరగంట కూడా పట్టదు. పైసా ఖర్చు లేదు.

‘ముఖం గుంటలు పడి వికారంగా ఉంటుందేమో’ అన్నది చాలామంది భయం. కార్నియా ఒక్కటే తీసినా, కన్ను మొత్తం తీసినా సరిచేసి రెప్పలు మూస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్లకు తేడా తెలియదు. ‘వచ్చే జన్మలో గుడ్డివాడిగా పుడతాడు’ అనే పెద్దలూ ఉన్నారు. శ్రీకాళహస్తిలో శివుడికి కళ్లిచ్చిన కన్నప్పకు దణ్ణం పెట్టొచ్చినవాళ్లే ఈ మాటంటే ఏం చెప్పాలి! పైగా ఆయన బతికుండగానే ఇచ్చాడు.

షుగరు, బీపీ ఉన్నా, కళ్లజోడు వాడినా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు. ఎయిడ్స్, హెపటైటిస్, రేబిస్, లుకేమియా లాంటి జబ్బులతో పోయినవారివి మాత్రం మార్పిడికి పనికిరావు. తీసుకున్న ప్రతి కార్నియా కూడా మరొకరికి పెట్టేంత బాగుండదు. అలాంటివి శిక్షణకూ పరిశోధనకూ వాడతారు. ఈ సంగతి ముందే తెలిస్తే తర్వాత నొచ్చుకోవాల్సిన పని ఉండదు. ఇంకో మాట... మార్చేది కన్నును కాదు, కార్నియానే. లోపలి నరం దెబ్బతిని చూపు పోయినవారికి ఇది ఉపయోగపడదు.

ఆ కళ్లు ఎవరికి పెట్టారో కుటుంబానికి చెప్పరు. ఎవరిచ్చారో అవతలివాళ్లకూ చెప్పరు.

కార్డు తీసుకున్నవారు ఆ మాట భోజనాల దగ్గర ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి. పాలవాడి నంబరూ గ్యాస్ బండ నంబరూ రాసుకునే గోడ క్యాలెండర్ మీదే దగ్గర్లోని నేత్రనిధి నంబరు కూడా రాసిపెట్టుకుంటే, ఆ కంగారులో వెతుక్కోనక్కర్లేదు.