గోదావరి పాత వంతెన: ఉంచవలెనా, విప్పవలెనా?

రాజమహేంద్రవరము కడ గోదావరిపై నాలుగు వంతెనలు కలవు. వానిలో మూడు రేయింబవళ్లు బరువు మోయుచున్నవి. అన్నిటికంటె పాతదైన నాలుగవదానిపై 1997 నుండి రైలు నడచుట లేదు. పుస్తకములలో దానిపేరు హేవ్‌లాక్ వంతెన. ఊరివారికి అది పాత వంతెన. రైళ్లు నిలిచిన నాటినుండి ఒక ప్రశ్న మరల మరల వినవచ్చుచున్నది. ఆ ఇనుమును విప్పి అమ్మవలెనా, లేక వంతెనను నిలుపుకొనవలెనా? ఇరుపక్షముల మాటలను నేడు కొంచెము నెమ్మదిగా విచారింతము.

మొదట దాని పుట్టుక. వాల్తేరు దిక్కునుండి వచ్చు రైలుమార్గము ఈ ఒడ్డునను, బెజవాడ దిక్కునుండి వచ్చునది కొవ్వూరు ఒడ్డునను ఆగిపోయిన కాలమది. నడుమ నున్న నదిని పడవలపై దాటవలసియుండెను. 1897 నవంబరులో పని ప్రారంభమై, 1900 ఆగస్టు 30వ తేదీన వంతెనపై రాకపోకలు మొదలైనవి. కాశీలో గంగపై డఫరిన్ వంతెనను కట్టిన వాల్టన్ అను ఇంజనీరే దీనిని కట్టించెను. నాటి మదరాసు గవర్నరు పేరు దీనికి పెట్టిరి. స్తంభమునకును స్తంభమునకును నడుమ ఎడమును ఖానా అందురు. అట్టి ఖానాలు 56. ఒక్కొక్కటి 150 అడుగులు. అనగా ఉక్కు దూలములే ఒకటిన్నర మైలుకు మించిన పొడవు. మదరాసునుండి హౌరాకు పోవు మార్గము దీనితో అతుకుపడినది.

ఒకే పట్టాల జోడు గల ఈ వంతెన పెరిగిన రాకపోకలకు చాలకపోయెను. 1974లో క్రింద రైలు, పైన రోడ్డు గల రెండవ వంతెన వచ్చినది. 1997లో కాంక్రీటు విల్లుల వంతెన వచ్చి, పాతదానికి విశ్రాంతి నిచ్చినది. 2015లో మరియొక రోడ్డు వంతెన తెరచిరి.

విప్పవలెననువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఉక్కునకు వెల కలదు. రైలు నడువని వంతెనకు రాబడి లేదు, ఖర్చు మాత్రము కలదు. తుప్పుపట్టిన రేకు ఊడిపడిన క్రింద పోవు పడవవారికి ప్రమాదము. పరదొరతనపు గవర్నరు పేరు మనకేల అనువారును కలరు.

నిలుపవలెననువారి మాటలోను బలము కలదు. 1953లోను, 1986 ఆగస్టులోను వచ్చిన మహావరదలను ఈ స్తంభములు తట్టుకొన్నవి. నదిమధ్యమున దూలములను దింపుట చౌకపని కాదు. దింపినను స్తంభములు నీటిలో మిగులును. పేరు గవర్నరుదే కావచ్చును. కాని 97 సంవత్సరములు దానిపై చదువులకు, కొలువులకు, పెండ్లిండ్లకు, తీర్థములకు పోయినవారు మనవారే.

అయితే మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి. ఉంచుట, విప్పుట అను రెండే మార్గములున్నవని తలంతుము. మూడవది కూడ కలదు; అది ఊరకుండుట. అదియే మిక్కిలి హానికరము. గాలియు తేమయు కలిసినచోట ఉక్కు తుప్పు పట్టును. రంగుపూత ఆ రెంటిని దూరముగా నుంచును. రైళ్లు నడచినంతకాలము పరీక్షించువారు, రంగు వేయువారు వంతెనపై నుందురు. రైలు ఆగిన పిదప ఆ చేతులును ఆగిపోవును. నీరు నిలుచు అతుకులలోను, రివెట్ల తలల క్రిందను తుప్పు మొదలై లోపలికి తినివేయును. స్తంభముల మొదట ఇసుక కోసుకొనిపోవుట పైకి కనబడదు. ఇట్లు విడిచిన వంతెనను ఎవరును కూల్చనక్కరలేదు. కాలమే ఆ పని చేయును. అప్పుడు చరిత్రయు దక్కదు, ఉక్కునకు వెలయు దక్కదు.

2025 జూన్‌లో అఖండ గోదావరి పథకమునకు శంకుస్థాపన జరిగినది. ఈ వంతెనను యాత్రికుల విహారస్థలముగా తీర్చుట అందులో నొక భాగము. మేము దీనిని సంతోషముతో స్వాగతించుచున్నాము. కాని దీపములు, పూలకుండీలు అలంకారమే గాని రక్షణ కాదు. స్తంభములను నీటిలోపల పరీక్షించినదెవరు? ఏయే దూలములను మార్చవలెను? ఐదేండ్ల తరువాత రంగునకు ధనమెక్కడిది? ఒక్కసారి ఎందరిని పైకి పోనిత్తురు? 2015 పుష్కరముల తొలినాడు తొక్కిసలాటలో ప్రాణములు పోవుట చూచిన ఊరిది. ఒక రైలుకు సరిపడు వెడల్పు గల వంతెనపై జనమును లెక్కించి పంపుట మర్యాద మాట కాదు, ప్రాణముల మాట.

56 ఖానాలను ఒకే తీరున నిలుపుట శక్తికి మించినచో, గట్టిగానున్న కొన్నిటిని ఒడ్డునుండి కొంతదూరము నడచునట్లు బాగుచేసి, తక్కినవానిని పరీక్ష చెప్పినట్లు చేయుట మేలని మా అభిప్రాయము. కొంత బాగుగా నిలుపుట, అంతయు నిలిపితిమని చెప్పి తుప్పునకు వదలుటకంటె నయము. ఏ నిర్ణయము చేసినను దానిప్రక్కన రెండు సంగతులు వ్రాసియుండవలెను: ఏటేట వ్యయమెంత, బాధ్యత ఎవరిది. ఈ రెండును అడుగుట గోదావరికి ఇరుగడలనున్న పౌరుల హక్కు. అడుగకుండుట ఆ పాత వంతెనను మరల విడిచిపెట్టుటయే.