గడ్డి కోసే యంత్రం: పెట్రోలా? బ్యాటరీయా?

విద్యార్థులారా! నల్లగండ్ల అపార్టుమెంట్ల పచ్చికలో గడ్డి కోసే యంత్రాలను చూసే ఉంటారు. వాటిలో ఏది మేలు?

కరెంటు బిల్లు యూనిట్లలో లెక్కిస్తే, కిలో పెట్రోలులో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. కిలో లిథియం బ్యాటరీలో దాదాపు 0.2 యూనిట్లే! అయితే చిన్న ఇంజను అందులో సుమారు ఐదో వంతే బ్లేడుకు అందిస్తుంది. మిగిలినది వేడిగా పోతుంది. విద్యుత్ మోటారు ముప్పాతిక వంతుకు పైగా అందిస్తుంది.

పెట్రోలు పొగలో విషవాయువైన కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. యంత్రాన్ని తోసే మనిషే దాన్ని ముందుగా పీలుస్తాడు. బ్యాటరీ యంత్రానికి పొగ లేదు. కాని దానికి ఎక్కించే విద్యుత్తులో కొంత రామగుండం వంటి చోట్ల బొగ్గు మండించగా వచ్చిందే!

విశాలమైన మైదానానికి పెట్రోలు యంత్రం అనుకూలం. ఒక్క ఛార్జితో పని పూర్తయ్యే పచ్చికకు బ్యాటరీదే మేలు. కనుక ముందు పచ్చిక పొడవు, వెడల్పులు కొలవండి; తర్వాతే యంత్రాన్ని ఎంచండి.