డీ అండ్ డీ బియాండ్‌లో డబ్బు కట్టి కొన్న పుస్తకం మనదేనా?

ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తే ఏం పోతుంది? వాళ్ల సినిమాలు పోతాయి, అంతే. మనం తయారు చేసుకున్నది అక్కడ ఏమీ లేదు కాబట్టి పెద్దగా బాధ ఉండదు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేముల్లో లెక్క వేరు. అక్కడ రూల్ బుక్ కంపెనీది, కథ మనది. ఆ రెండూ ఒకే సర్వర్‌లో కలిసిపోయి ఉంటాయి. నెల నెలా కట్టే డబ్బు దేనికో, ఆపితే ఏది ఉంటుందో ఏది పోతుందో తెలియకుండానే చాలామంది కార్డు నంబర్ ఇచ్చేస్తున్నారు.

ఆట తెలియని వాళ్లకి చిన్న పరిచయం. నలుగురైదుగురు కలుస్తారు. ఒకరు గేమ్ మాస్టర్, ఆయన కథ నడుపుతాడు. మిగతా వాళ్లు తలా ఒక పాత్ర. చేసే పని ఫలిస్తుందో లేదో 20 ముఖాల డైస్ తేలుస్తుంది. మాది ఐదుగురి బ్యాచ్. నాది కారంపూడి, మిగతా వాళ్లు హైదరాబాద్, బెంగళూరుల్లో ఉంటారు, కాబట్టి ఆట మొత్తం ఆన్‌లైన్‌లోనే. గేమ్ మాస్టర్‌ని నేనే. కథ మా ఊరిదే: పల్నాటి యుద్ధం. బ్రహ్మనాయుడి వర్గం కోడిపందెంలో ఓడి ఏడేళ్లు వలస పోయే ఘట్టాన్ని డైస్ మీద పెట్టి చూడండి, ఊపిరి బిగబట్టి ఆడతారు. కార్తీక మాసంలో మా ఊళ్లో ఐదు రోజులు జరిగే వీరారాధన ఉత్సవంలో కోడిపోరుకి ఒక రోజే కేటాయించారు, కాబట్టి నాకు మెటీరియల్‌కి కొదవ లేదు. ఇప్పటికి ఆ కథకి మ్యాపులు, పాత్రలు, నోట్సు చాలా పోగయ్యాయి. అదే ఇక్కడ అసలు ఆస్తి.

ఇప్పుడు డబ్బు సంగతి. డీ అండ్ డీ బియాండ్ అనేది డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి అధికారిక డిజిటల్ టూల్. 2017లో మొదలైంది, 2022లో హాస్‌బ్రో దాన్ని 146.3 మిలియన్ డాలర్లకి కొనేసింది. ఇందులో మనం కట్టేది రెండు రకాలు. పుస్తకానికి ఒకసారి కట్టే ధర ఒకటి, నెలవారీ సబ్‌స్క్రిప్షన్ ఇంకొకటి. హీరో టియర్ నెలకి 2.99 డాలర్లు, మాస్టర్ టియర్ 5.99. ఏడాదికి ఒకేసారి కడితే మాస్టర్ 54.99 డాలర్లు. మాస్టర్ తీసుకోవడానికి ముఖ్య కారణం షేరింగ్: ఒకరు కొన్న పుస్తకాలు ఆ టేబుల్‌లో అందరూ వాడుకోవచ్చు. మెలిక కూడా అక్కడే ఉంది. పుస్తకాలకి పూర్తి ధర కట్టేసినా సరే, మాస్టర్ ఆగిన రోజు షేరింగ్ ఆగిపోతుంది. కొన్నవాడికి కనిపిస్తాయి, మిగతా నలుగురికి కనిపించవు.

ఇంజనీర్ భాషలో చెప్తాను. అచ్చు పుస్తకం కొంటే ఒక కాపీ మీ చేతికొస్తుంది. డిజిటల్‌లో కాపీ రాదు. వాళ్ల డేటాబేస్‌లో మీ అకౌంట్ పక్కన ‘ఇతనికి ఈ పుస్తకం చూసే అనుమతి ఉంది’ అని ఒక వరుస చేరుతుంది. మీ క్యారెక్టర్ షీట్‌లో ‘ఫైర్‌బాల్’ అని ఉన్నది అక్షరాలు కాదు, వాళ్ల దగ్గరున్న ఫైర్‌బాల్ ఎంట్రీకి ఒక లింకు అనుకోండి. అటువైపు ఎంట్రీ మారితే ఇటువైపు మీ షీటూ మారుతుంది.

ఇది ఊహ కాదు. 2024 ఆగస్టులో, కొత్త రూల్ బుక్ రాబోయే ముందు, క్యారెక్టర్ షీట్లలో 2014 నాటి మంత్రాలు, మాయా వస్తువుల స్థానంలో 2024 వెర్షన్లు వస్తాయని ప్రకటించారు. పాతవి కావాలంటే మీరే హోమ్‌బ్రూగా టైప్ చేసుకోండి అన్నారు. డబ్బు కట్టి కొన్నదాన్ని మళ్లీ చేత్తో టైప్ చేసుకోవాలన్నమాట! ఆటగాళ్లు గట్టిగా గొడవ చేయడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. అదే ఏడాది ఇంకో మార్పు కూడా వచ్చింది. అంతకు ముందు ఒక్క సబ్‌క్లాసో, ఒక్క రాక్షసుడో కావాలంటే దానికి మాత్రమే డబ్బు కట్టే వీలుండేది. అది తీసేశారు. ఇప్పుడు మొత్తం పుస్తకం కొనాల్సిందే. స్టూడెంట్ బడ్జెట్ వాళ్లకి ఇదే పెద్ద దెబ్బ అని నా అభిప్రాయం, కానీ దీని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

పాత చరిత్ర ఇంకా ఘాటుగా ఉంటుంది. 2009 ఏప్రిల్‌లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ పైరసీ కారణం చూపి తన పీడీఎఫ్‌లన్నింటినీ ఆన్‌లైన్ షాపుల నుంచి తీసేయించింది. అప్పటికే కొన్నవాళ్లకి కూడా మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునే దారి మూసుకుపోయింది. హార్డ్ డిస్క్‌లో ఫైల్ దాచుకున్నవాడు బతికిపోయాడు. నాలుగో ఎడిషన్‌కి డీ అండ్ డీ ఇన్‌సైడర్ అనే సబ్‌స్క్రిప్షన్ ఉండేది. దాని క్యారెక్టర్ బిల్డర్ మొదట కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ప్రోగ్రామ్. 2010లో దాన్ని వెబ్‌కి మార్చారు, అదీ మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్ మీద. సిల్వర్‌లైట్ కాలం చెల్లింది, 2020 జనవరి 1న ఆ టూల్సూ మూతపడ్డాయి. ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ వెబ్ యాప్‌గా మారుతోందంటే కొంచెం జాగ్రత్త పడండి.

2023 జనవరి గొడవ చాలామందికి తెలిసే ఉంటుంది. 2000 నుంచి ఉన్న ఓపెన్ గేమ్ లైసెన్స్ స్థానంలో కఠినమైన కొత్త లైసెన్స్ తేవాలన్న డ్రాఫ్ట్ లీకైంది. జనం డీ అండ్ డీ బియాండ్ సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసి నిరసన చూపించారు. నెలాఖరుకి కంపెనీ ఆ ప్రయత్నం మానుకుని, కోర్ రూల్స్ ఉన్న ఎస్ఆర్‌డీ 5.1ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. 2025లో 5.2 కూడా అలాగే వచ్చింది. ఈ లైసెన్స్‌ని వెనక్కి తీసుకునే వీల్లేదు. 12 క్లాసులు, ఒక్కోదానికి ఒక సబ్‌క్లాస్, మంత్రాలు, రాక్షసులు, అన్నీ ఉచిత పీడీఎఫ్. కొత్తగా మొదలుపెట్టే బ్యాచ్‌కి ఇది చాలు. మా పల్నాటి కథకి సరిపోయింది కూడా. ఎలాగూ డ్రాగన్లు మాకు అక్కర్లేదు.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది: చెల్లింపు. రిజర్వ్ బ్యాంక్ ఈ-మ్యాండేట్ నిబంధనలు 2021 అక్టోబర్ 1 నుంచి పూర్తిగా అమల్లో ఉన్నాయి. ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అయ్యే ముందు కనీసం 24 గంటల ముందు మనకి మెసేజ్ రావాలి. ఓటీపీ లేకుండా కట్ అయ్యే పరిమితి మొదట 5,000 రూపాయలు, 2022లో 15,000 చేశారు. మనకి మంచి రక్షణే. కానీ ఈ పద్ధతికి సిద్ధంగా లేని విదేశీ సైట్ల రెన్యువల్ ఫెయిల్ అవుతుంది. సినిమా యాప్ అయితే మళ్లీ కట్టుకుంటాం. ఇక్కడ మాత్రం గేమ్ మాస్టర్ కార్డు ఒక్కటి ఫెయిలైతే ఆట మధ్యలో మొత్తం టేబుల్‌కి పుస్తకాలు మాయం. అందుకే కడితే ఏడాదికి కట్టండి, రెన్యువల్ తేదీ క్యాలెండర్‌లో పెట్టుకోండి. డాలర్ ధర మీద కార్డు వేసే ఫారెక్స్ మార్కప్‌ని కూడా లెక్కలో వేసుకోండి.

కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం వచ్చింది. లైసెన్స్ మాత్రమే ఇస్తూ ‘బై’ అని బటన్ పెడితే, అది లైసెన్సేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. శాశ్వతంగా ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ ఇచ్చేవాళ్లకి ఈ నిబంధన లేదు. ఏది కొనుగోలు, ఏది కాదు అన్నదానికి నాకు నచ్చిన గీత అదే.

ఆ గీతకి ఇవతల ఏమున్నాయి? ఫౌండ్రీ వీటీటీ 2020లో వచ్చింది. 50 డాలర్లు ఒకేసారి, అదీ గేమ్ మాస్టర్ ఒక్కడే కట్టాలి. మిగతా వాళ్లు బ్రౌజర్‌లో చేరతారు. మాస్టర్ టియర్ మూడేళ్లకి దాదాపు 165 డాలర్లు అవుతుంది కదా, పోల్చుకోండి. కాకపోతే అధికారిక పుస్తకాలు ఫౌండ్రీ ధరలో రావు. డేటా మొత్తం మన మెషీన్‌లోనే ఫోల్డర్‌గా ఉంటుంది, కాపీ చేసుకుంటే బ్యాకప్ అయిపోయినట్టే. అసలు తలనొప్పి హోస్టింగ్. మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లు సీజీ-నాట్ వెనక ఉంటాయి, అంటే పబ్లిక్ ఐపీ మనొక్కరిది కాదు, పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ పెట్టుకోవాలి, లేదా చిన్న క్లౌడ్ మెషీన్ తీసుకోవాలి. లైనక్స్ కమాండ్లంటే భయపడేవాళ్లకి దీన్ని నేను సిఫార్సు చేయను. రూల్స్ కోసమే డబ్బు పెట్టలేనంటే పాత్‌ఫైండర్ చూడండి, దాని రూల్స్ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ సైట్‌లో అధికారికంగానే ఉచితం.

డీ అండ్ డీ బియాండ్‌లోనే ఉంటామంటే కనీసం ప్రతి లెవెల్ పెరిగినప్పుడు క్యారెక్టర్ షీట్‌ని పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, కథ నోట్సు మాత్రం మామూలు టెక్స్ట్ ఫైళ్లలో బయట పెట్టుకోండి. మేము ఫౌండ్రీకి మారిపోయాం, పల్నాటి మ్యాపులన్నీ ఇప్పుడు నా ఎస్ఎస్‌డీలో, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. బ్యాచ్‌లో ఒకడు మాత్రం ఒప్పుకోలేదు. ఫౌండ్రీ ఫోన్ స్క్రీన్ మీద అస్సలు బాగోదు, వాడేమో ఆఫీస్ క్యాబ్‌లో కూర్చుని ఆడే రకం. వాడి మాటలోనూ న్యాయముంది. కాబట్టి వాడి బాలచంద్రుడు ఇంకా డీ అండ్ డీ బియాండ్ ఉచిత అకౌంట్‌లోనే ఉన్నాడు, ఇచ్చే 6 స్లాట్లలో ఒకదాంట్లో.