కుక్క పన్ను పీకాలంటే పట్టకారు చాలదు

ఇంటికీ, పొలానికీ, గొర్రెల మందకూ రాత్రింబవళ్లు కాపలా కాసే కుక్కకు పంటి నొప్పి వస్తే పట్టించుకునేవారు తక్కువ. నోరులేని జీవి గనుక బాధ చెప్పుకోలేదు. నాలుగు రోజులు సరిగా తినకపోతే ఎండదెబ్బ అనుకుంటారు. తీరా చిగురు నుంచి చీము కారి, నోటి కంపు భరించలేని స్థితి వచ్చాక నలుగురు కలిసి కాళ్లు కట్టేసి, నోరు తెరిచి, పట్టకారుతో పన్ను పీకబోతారు. ఇందువల్ల కుక్కకూ ముప్పే, పీకే మనిషికీ ముప్పే. కుక్క పన్ను తీయడం ఆపరేషన్ కిందే లెక్క అని పశువైద్యులు చెబుతున్నారు.

లోపలి వేరే పెద్దది

పెరిగిన కుక్కకు 42 పళ్లు ఉంటాయి. పై దవడకు 20, కింది దవడకు 22. పిల్లగా ఉన్నప్పుడు పాలపళ్లు 28. ఇవి సుమారు నాలుగో నెల నుంచి ఊడిపోతూ, ఏడో నెలకల్లా గట్టి పళ్లు వచ్చేస్తాయి. ఊడే పాలపళ్లను చూసి కంగారుపడనక్కరలేదు. కొత్త కోర వచ్చినా పాత కోర ఊడక పక్కనే నిలిచి ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

చిక్కంతా పంటి వేరుతోనే. కోరపన్ను పైకి కనిపించే దానికంటే ఎముకలో దిగి ఉన్న వేరు పొడవు. అది లావుగా, వంపు తిరిగి ఉంటుంది. లోతుగా పాతిన గుంజను ఊపి లాగితే విరుగుతుందే గాని రాదు. పన్నూ అంతే. పైభాగం విరిగి చేతికొస్తుంది, వేరు లోపలే ఉండిపోయి చీము పడుతుంది. కింది కోర వేరు దవడ ఎముకలో చాలా భాగం ఆక్రమించి ఉంటుంది. అందుకే ముసలి కుక్కకు, చిన్న జాతి కుక్కకు బలంగా లాగితే దవడే విరగవచ్చు. పై కోర వేరుకూ ముక్కుకూ మధ్య ఎముక పలచన. అది చిల్లిపడితే తాగిన నీళ్లు ముక్కులోంచి కారతాయి.

కంటి కింద వాపు

పై దవడలో మాంసం కోసే పెద్ద పన్నుకు మూడు వేళ్లు ఉంటాయి. అవి సరిగ్గా కంటి కిందికి వస్తాయి. ఎండిన ఎముక, రాయి కొరికినప్పుడు ఎక్కువగా విరిగేది ఈ పన్నే. విరిగిన చోటు నుంచి చెడు లోపలికి దిగి, కంటి కింద గడ్డలా వాచి, పగిలి చీము కారుతుంది. ఏదో కుట్టిందనో, కంటి జబ్బనో పైన మందు రాస్తారు. పుండు మానినట్టే మాని మళ్లీ లేస్తుంది. పంటికి వైద్యం జరిగేదాకా ఆ పుండు మానదు.

డాక్టరు ఎలా తీస్తారు?

ముందుగా కుక్క వయసు, ఆరోగ్యం చూసి, అవసరమైతే రక్తపరీక్ష చేయిస్తారు. ముందు రాత్రి నుంచి మేత పెట్టవద్దంటారు. ఆ మాట తప్పకుండా పాటించాలి. కడుపు నిండా ఉంటే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పూర్తి మత్తు ఇచ్చి, శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు. రక్తం, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగకుండా ఆ గొట్టం కాపాడుతుంది. దవడకు తిమ్మిరి సూది కూడా వేస్తారు. ఎక్స్‌రే తీసి వేళ్లు ఎలా ఉన్నాయో చూస్తారు.

తరువాత చిగురును కోసి పక్కకు తప్పిస్తారు. రెండు, మూడు వేళ్లున్న పన్నును ముక్కలుగా కోసి, ఒక్కో వేరును సన్నని పనిముట్టుతో నిదానంగా వదులు చేసి తీస్తారు. ఈ పనిలో బలం కంటే ఓర్పు ముఖ్యం. వేరు ముక్క మిగల్లేదని మళ్లీ ఎక్స్‌రేలో చూసుకొని, కరిగిపోయే దారంతో కుట్లు వేస్తారు.

అన్ని పల్లె ఆసుపత్రుల్లో ఈ సదుపాయాలు ఉండవు. ముందు దగ్గరి పశువైద్యునికి చూపిస్తే, అవసరమైతే ఆయనే పెద్ద ఆసుపత్రికి రాసిస్తారు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులు ఉన్నాయి.

నోట్లో చెయ్యి పెట్టే ముందు

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. కింది దవడ వేలాడటం, చొంగ కారటం, మింగలేకపోవటం, అరుపు మారటం చూసి పంట్లోనో గొంతులోనో ఎముక ఇరుక్కుందని చెయ్యి పెడతారు. పిచ్చికుక్క వ్యాధిలోనూ లక్షణాలు ఇవే. ఆ జబ్బున్న కుక్క కరవనక్కరలేదు, మన చేతి గీతకు దాని చొంగ తగిలినా చాలు. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కనుక అటువంటి కుక్కను గదిలో ఉంచి తలుపు వేసి, పశువైద్యునికి కబురు చేయాలి. కరిచినా, చొంగ తగిలినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి.

పన్ను తీశాక

రెండు వారాలపాటు మెత్తని అన్నం, జావ పెట్టాలి. ఎముకలు పెట్టరాదు. గుంటలో పసుపు, సున్నం, పొగాకు కూరరాదు. మనుషులు వాడే నొప్పి బిళ్లలు అసలే వేయరాదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క కడుపులో పుండ్లు చేసి, మూత్రపిండాలను చెడగొడతాయి. డాక్టరు రాసిన మందు, చెప్పిన మోతాదులోనే వాడాలి.

పంటిమీద గార పేరుకుని చిగురు చెడటమే చాలా కుక్కలకు పళ్లు పోవడానికి మూలం. పిల్ల దశ నుంచి అలవాటు చేస్తే మెత్తని బ్రష్షుతో పళ్లు తోమించుకుంటుంది. మనుషుల పేస్టు మాత్రం వాడకూడదు. ఏడాదికోసారి పిచ్చికుక్క వ్యాధి టీకాకు తీసుకువెళ్లినప్పుడు నోరు కూడా చూడమని డాక్టరును అడగాలి. ఒక పక్కనే నమలటం, మూతిని కాలితో రుద్దుకోవటం, నోటి కంపు, చిగురు నుంచి రక్తం కనిపిస్తే ఆ ఏడాది గడిచేదాకా ఆగకూడదు.